పదిహేను కిలోలు తగ్గేదాకా ఆగాల్సిందేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. నాకు అర్థమైంది ఒకసారి చెబుతాను, తప్పుంటే సరిచేయండి. మీకు 31 ఏళ్ళు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. చెన్నై షోలింగనల్లూరులో ఉద్యోగం, రాత్రి పదిన్నర దాకా అమెరికా కాల్స్. పెళ్ళై నాలుగేళ్ళు, పిల్లల కోసం చూడటం మొదలుపెట్టి రెండేళ్ళు. పీరియడ్స్ 45 నుంచి 60 రోజులకోసారి వస్తున్నాయి. స్కాన్ చూసి పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి అండం సరిగ్గా విడుదల కాని సమస్య) అన్నారు. డాక్టరు గారు ఐదు నిమిషాలు మాట్లాడి, "15 కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అని పంపించేశారు. మీరు ఇంటికొచ్చి అన్నం, పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటో డైట్ మొదలుపెట్టారు. పదకొండో రోజు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. మీ వారు 172 సెంటీమీటర్ల ఎత్తు, 98 కిలోల బరువు. ఆయనకి ఒక్క టెస్టూ రాయలేదు. చివర్లో ఒక్క లైనులో మీ చెల్లెలి సంగతి రాశారు: నెల్లూరులో ఉంటుంది, పెళ్ళై ఏడాది, 160 సెంటీమీటర్ల ఎత్తుకి 42 కిలోలు, నాలుగు నెలలుగా నెలసరి లేదు. "లావుగా ఉన్న నాకూ ఇదే, సన్నగా ఉన్న దానికీ ఇదేనా?" అని అడిగారు. ఆ లైను దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను డాక్టర్‌ని కాను, మందులు రాయను. చెన్నైలో సంతానం కోసం వచ్చే దంపతుల మధ్య డైటీషియన్‌గా 22 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మాది నాయుడుపేట. నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చే మనవాళ్ళని చాలామందిని చూశాను. "బరువు తగ్గి రండి" అన్న మాట విని తలొంచుకుని నా గదిలోకి వచ్చినవాళ్ళతోనే నా ఉద్యోగంలో ఎక్కువ భాగం గడిచింది.

ముందు జవాబు చెప్పేస్తాను. 15 కిలోలు తగ్గేదాకా ఆగనక్కర్లేదు. మీ 76 కిలోల్లో 5 నుంచి 7 శాతం, అంటే నాలుగైదు కిలోలు, మూడు నెలల్లో తగ్గే ప్రయత్నం చేయండి. ఆ మూడు నెలలూ చేతులు కట్టుకుని కూర్చోకుండా ఇద్దరి టెస్టులూ పూర్తి చేయించుకోండి. మూడు నెలలకి పీరియడ్స్ దారిలో పడకపోతే అండం విడుదలకి మందుల గురించి అడగండి. ఎంత ఆలస్యమైనా ఆరు నెలలు దాటనివ్వకండి. ఇంతకంటే పెద్ద అంకె పెట్టుకుని ఏళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చూసి ఈ మాట అంటున్నాను.

బరువుకీ గర్భానికీ మధ్య అసలు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ సలహా ఎందుకో అర్థమవుతుంది. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క, దాదాపు 31. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం 30 దాటితే ఊబకాయం. మన భారతీయులకి పొట్ట చుట్టూ కొవ్వు త్వరగా చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది కాబట్టి మన దేశంలో డాక్టర్లు 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కేస్తారు. పొట్ట దగ్గర కొవ్వు పెరిగేకొద్దీ, రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లదు. మాట చెల్లక శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. కండరాలు ఆ ఇన్సులిన్ మాట వినవు కానీ అండాశయాలు వింటాయి. విని, పురుష హార్మోన్లు ఎక్కువగా తయారుచేస్తాయి. పైగా ఇన్సులిన్ ఎక్కువైతే, ఆ పురుష హార్మోన్‌ని పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ని కాలేయం తగ్గించేస్తుంది. దాంతో ఆ హార్మోన్ ఒంట్లో విడిగా తిరుగుతుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, మెడ వెనక నల్లటి మందపు చర్మం, ఇవన్నీ ఆ వరసలోవే. అండాశయంలో అండాలు పెరగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోతాయి. స్కాన్‌లో "నీటి బుడగలు" అని చెప్పేవి అవే. అవి గడ్డలూ కావు, జబ్బు ముద్దలూ కావు. నెలనెలా ఒక అండం పూర్తిగా పెరిగి విడుదలైతేనే పీరియడ్ లెక్కకి వస్తుంది. మీకు 45, 60 రోజులు పడుతోందంటే ఏడాదికి పన్నెండు అవకాశాలు ఉండాల్సిన చోట ఆరు నుంచి ఎనిమిదే ఉన్నాయన్నమాట. అందులోనూ కొన్నిసార్లు అండం రాకుండానే బ్లీడింగ్ అయి ఉండవచ్చు.

కాబట్టి మీ విషయంలో బరువు ప్రధానంగా అండం విడుదల అనే దారిలో అడ్డుపడుతోంది. ఆ దారి తెరుచుకోవడానికి 15 కిలోలు అవసరం లేదు. 5 నుంచి 10 శాతం బరువు తగ్గినప్పుడు చాలామందిలో పీరియడ్స్ దగ్గరపడతాయి, కొందరిలో నెలకోసారి వచ్చేస్తాయి. అందరిలో అలా జరుగుతుందని మాత్రం చెప్పను. నా దగ్గర ఆరు కిలోలు తగ్గినా కదలని పీరియడ్స్ ఉన్నాయి, మూడు కిలోలకే లెక్కకి వచ్చినవీ ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది డాక్టర్లలో కూడా చాలా చర్చ జరిగిన విషయం. 2016లో నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. బీఎంఐ 29, అంతకు పైన ఉండి పిల్లల కోసం చికిత్సకి వచ్చిన 577 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ముందు ఆరు నెలలు తిండి, వ్యాయామం, ఆ తర్వాత చికిత్స. రెండో గుంపుకి బరువుతో సంబంధం లేకుండా వెంటనే చికిత్స. మొదటి గుంపువాళ్ళు సగటున 4.4 కిలోలు తగ్గారు, రెండోవాళ్ళు 1.1. రెండేళ్ళలో నెలలు నిండి, సహజ కాన్పులో, ఆరోగ్యంగా ఒక్క బిడ్డ పుట్టినవాళ్ళు మొదటి గుంపులో 27.1 శాతం, వెంటనే చికిత్స తీసుకున్న గుంపులో 35.2 శాతం. అంటే ఆగి, తగ్గి, తర్వాత మొదలుపెట్టడం వల్ల ఆ కొలతలో లాభం కనిపించలేదు. కానీ అదే పరీక్షలో, మందుల్లేకుండా దానంతట అదే గర్భం నిలిచినవాళ్ళు మొదటి గుంపులోనే ఎక్కువ: మొదటి గుంపులో 26.1 శాతం, రెండో గుంపులో 16.2 శాతం. 2022లో అమెరికాలో ఇంకో పరీక్ష జరిగింది. అందులో పాల్గొన్న వాళ్ళందరికీ ఊబకాయం ఉంది కానీ అండం నెలనెలా సరిగ్గానే విడుదలవుతోంది. వాళ్ళలో బాగా బరువు తగ్గినవాళ్ళకీ, తగ్గకుండా ఊరికే వ్యాయామం చేసినవాళ్ళకీ మధ్య ఆరోగ్యంగా బిడ్డ పుట్టడంలో తేడా రాలేదు.

నేను ఈ రెండింటినీ కలిపి ఇలా చదువుకుంటాను. అండం విడుదల సరిగ్గా లేనివాళ్ళకి కొంచెం బరువు తగ్గడం మందులాగా పనిచేయవచ్చు. అండం బాగానే విడుదలవుతున్నవాళ్ళని బరువు పేరు చెప్పి నెలల తరబడి ఆపడం న్యాయం కాదు. మీరు మొదటి రకం. అందుకే మీకు బరువు గురించి మాట్లాడుతున్నాను. పీరియడ్స్ 28 రోజులకోసారి ఠంచనుగా వచ్చే అమ్మాయి ఇదే బరువుతో వచ్చి ఉంటే ముందు ట్యూబుల గురించీ, భర్త రిపోర్టు గురించీ అడిగేదాన్ని.

భర్త రిపోర్టు అన్నాను కదా. నన్ను ఇప్పటికీ వదలని ఒక సంగతి చెబుతాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. కొన్నేళ్ళ క్రితం నెల్లూరు వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఆమె అప్పటికే వేరే చోట చూపించుకుంది. అక్కడ "ముందు బరువు తగ్గు" అన్నారట. ఆమె సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా టేబుల్ మీద పెట్టింది. ప్రతి సోమవారం తేదీ, పక్కన బరువు, పక్కన ఆ వారం తిన్నవి. మొదటి పేజీలో 82, చివరి పేజీలో 69. పద్నాలుగు నెలలు. ఒక పేజీలో "అమ్మ పులిహోర పంపింది, తినలేదు" అని రాసి ఉంది. జుట్టు పలచబడిపోయింది, గోళ్ళు విరుగుతున్నాయి, వయసు 36 దాటింది. మా డాక్టరు గారు మొదటి రోజే ఇద్దరికీ టెస్టులు రాశారు. ఆమె భర్త వీర్య పరీక్షలో కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, మిల్లీలీటరుకి 12 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దు కోటీ 60 లక్షలు. చాలా తక్కువ ఖర్చుతో, ఒక్క పూటలో అయిపోయే పరీక్ష. ఆమె ఆ రిపోర్టు చదివి నోట్‌బుక్ మూసేసింది. ఏమీ అనలేదు. ఆ పద్నాలుగు నెలలు ఆమెకి ఎవరూ తిరిగివ్వలేరు.

అందుకని మీ వారి పరీక్ష ఈ వారమే చేయించండి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి. సంతానం ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆయన బీఎంఐ 33. మగవారిలో కొవ్వు ఎక్కువైతే ఆ కొవ్వు కణాలే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మార్చేస్తాయి, దాంతో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గే అవకాశం ఉంటుంది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆయన ఈ రోజు నుంచి సిగరెట్ మానేసి, నడక మొదలుపెడితే ఫలితం కనిపించేది మూడు నెలల తర్వాతే. మీ మూడు నెలలూ ఆయన మూడు నెలలూ ఒకేసారి మొదలవ్వాలి. ఇంకొకటి, జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, కండలకి స్టెరాయిడ్లు ఇస్తామంటే దగ్గరికి కూడా వెళ్ళొద్దు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే లోపల వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. చాలామందికి ఇది తెలియదు, ఎత్తి చెబితే నమ్మరు కూడా. ఆయన గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

మీ వైపు టెస్టుల్లో థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలకి సంబంధించిన హార్మోన్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీపీ ఎలాగూ చూస్తారు. అండాల నిల్వని అంచనా వేసే ఏఎంహెచ్ ఎక్కువగా వస్తే కంగారుపడకండి, పీసీఓఎస్‌లో అది ఎక్కువే ఉంటుంది. రెండేళ్ళు అయింది కాబట్టి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ గురించి అడగండి. పీరియడ్ ఆగిన తర్వాత మొదటి రోజుల్లో చేస్తారు, కాసేపు పీరియడ్ నొప్పిలా ఉంటుంది. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోన్ రక్త పరీక్ష 21వ రోజున చేయించమని ఎవరైనా రాస్తే ఒక్క మాట అడగండి. ఆ 21 అన్నది 28 రోజుల పీరియడ్ ఉన్నవాళ్ళ లెక్క. పీరియడ్ రావడానికి వారం ముందు చూడాల్సిన పరీక్ష అది. 50 రోజుల సైకిల్‌లో 21వ రోజున చేస్తే అండం రాలేదనే చూపిస్తుంది, మీరు ఊరికే బెంగపెట్టుకుంటారు. ఫోన్‌లో యాప్ చెప్పే తేదీలూ మీకు పనికిరావు, అది పోయిన నెలల సగటు చూసి చెబుతుంది. అండం విడుదలయ్యే సమయాన్ని యూరిన్‌లో చూసే స్ట్రిప్పులు కూడా పీసీఓఎస్‌లో మోసం చేస్తాయి. వాటిలో చూసే హార్మోన్ మీకు మామూలుగానే కొంచెం ఎక్కువ ఉండవచ్చు, అందుకని ఉత్తినే రెండు గీతలు చూపిస్తాయి. రోజు విడిచి రోజు, లేదా వారంలో మూడుసార్లు కలుస్తూ ఉంటే చాలు. లెక్కలు పెట్టుకుని కలవడం మొదలైతే ఇంట్లో టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

ఇక తిండి. మీరు రాసిన రోజు చూశాను: పొద్దున ఏమీ తినరు, పదకొండింటికి క్యాంటీన్‌లో పొంగల్ వడ, నాలుగు కాఫీలు, మధ్యాహ్నం పెరుగన్నం చిప్స్, సాయంత్రం మురుకులు, రాత్రి కాల్స్ అయ్యాక ఆర్డర్ పెట్టుకున్న బిర్యానీ. దీన్నుంచి ఒక్కసారిగా అన్నం ముక్క కూడా లేని కీటోకి దూకితే కళ్ళు తిరగక ఏమవుతుంది? అన్నం మీకు శత్రువు కాదమ్మా. మూడు తరాలుగా అన్నం తిన్న ఇంటి పిల్లని అన్నం లేకుండా ఉండమంటే పన్నెండు రోజులు ఉంటుంది, పదమూడో రోజు రెండింతలు తింటుంది.

నా దగ్గరికి వచ్చినవాళ్ళని నేను మొదట అడిగేది క్యాలరీలు కాదు, నెలకి ఎన్ని నూనె ప్యాకెట్లు అని. ఇద్దరున్న ఇంట్లో నాలుగు లీటర్లు అని చెప్పేవాళ్ళు చాలామంది. లెక్క వేసి చూడండి. నాలుగు లీటర్లంటే సుమారు 3,640 గ్రాములు, ఇద్దరికి, ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 60 గ్రాములు. గ్రాముకి 9 క్యాలరీలు, అంటే ఒక్క నూనె నుంచే 540. దాన్ని రెండు లీటర్లకి తెస్తే రోజుకి 270 క్యాలరీలు తగ్గుతాయి. కాగితం మీద లెక్క ప్రకారం నెలకి ఒక కిలో కొవ్వు. కూర మానలేదు, అన్నం మానలేదు, పండగ మానలేదు. చేయాల్సింది నూనె డబ్బాలోంచి నేరుగా బాణలిలోకి వంపకుండా చెంచాతో కొలవడం. మీ ఇంట్లో వంట తక్కువ, ఆర్డర్లు ఎక్కువ కాబట్టి మీ ప్యాకెట్ల లెక్క తక్కువే రావచ్చు. అప్పుడు బిర్యానీల లెక్క రాయండి. వారానికి ఐదు అని రాశారు, దాన్ని ఒకటికి తెండి. ఆ ఒక్కటి ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ కూర్చుని, తృప్తిగా తినండి.

పొద్దున ఏమీ తినకుండా ఉండటం ముందు మానాలి. రెండు పెసరట్లు, లోపల ఉప్మా లేకుండా, అల్లం పచ్చడితో. లేదా రెండు ఉడికించిన గుడ్లు, ఒక దోసె. పెసలు ముందు రోజు పొద్దున నానబెట్టి రాత్రి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పది నిమిషాల పని. మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్ళండి: ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, గట్టి పప్పు, పెరుగు. ముందు కూరా పప్పూ తినండి, తర్వాత అన్నంలోకి వెళ్ళండి. కడుపు సగం నిండాక అన్నం దగ్గరికి చేరితే దానంతట అదే తగ్గుతుంది, షుగర్ కూడా ఒక్కసారిగా ఎగరదు. వారంలో రెండు రోజులు చేప పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. రాత్రి భోజనం కాల్స్ మొదలవ్వకముందే ఏడున్నరకి ముగించండి. పదిన్నరకి ఆకలేస్తే ఒక గ్లాసు మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు. కాఫీ రెండు చాలు, చక్కెర ఒక చెంచా. నాలుగు కాఫీల్లో రెండేసి చెంచాలంటే ఎనిమిది చెంచాల చక్కెర, మీకు తెలియకుండానే లోపలికి పోతోంది.

నడక గురించి ఒక్క మాట. పొద్దున నాకు ఇంటికి దగ్గర లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఇచ్చిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద ఉన్న పార్కే. అక్కడ ఆరింటికి వచ్చే ఆడవాళ్ళలో నా దగ్గర డైట్ తీసుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తుంటారు. మీకు అంత పొద్దున లేవడం కుదరదు, లేవమని కూడా అనను. రాత్రి ఒంటిగంటకి పడుకునే మనిషి ఐదింటికి లేస్తే నిద్ర పోతుంది, నిద్ర పోతే ఆకలి పెరుగుతుంది. ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి, ఆఫీసు కారిడార్ అయినా సరే, మీ అపార్ట్‌మెంట్ కింద అయినా సరే. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరని ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటాయి. మీ సమస్య మూలం ఇన్సులిన్ దగ్గరే ఉంది కాబట్టి మీకు ఇది మిగతావాళ్ళకంటే ఎక్కువ పనికొస్తుంది. వారానికి రెండు రోజులు గుంజీలు, చిన్న బరువులు కూడా కలపండి. శనివారం సాయంత్రం తిరువాన్మియూరు బీచ్‌లో మీ వారితో గంట నడవండి.

బరువు వారానికి ఒకసారే చూసుకోండి. పీరియడ్ ముందు ఒంట్లో నీరు చేరి ఒకటీ రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది, ఆ రోజు మిషన్ ఎక్కి ఏడవొద్దు. నడుం చుట్టుకొలత టేపుతో రాసుకోండి. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 మన హద్దు. అన్నిటికంటే ముఖ్యంగా పీరియడ్ తేదీలు రాసుకోండి. 55 రోజులది 42 అయి, 42 ది 36 అయితే మిషన్ మీద రెండు కిలోలే తగ్గినా మీ శరీరం దారిలో పడుతోందన్నమాట.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి అడిగారు. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు రోజూ వస్తోంది. అవి బాగా పనిచేసే మందులే. కానీ గర్భంలో వాడకూడదు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మౌంజారోకి కూడా ముందుగా ఆపే గడువు ఉంటుంది, మొదలుపెట్టే కొత్తలో అది గర్భనిరోధక మాత్రల పనిని కూడా తగ్గించవచ్చు. బరువు తగ్గగానే ఆగిపోయిన అండం విడుదల మళ్ళీ మొదలై, మందు మీద ఉండగానే గర్భం వచ్చినవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు ఆ నెలలన్నీ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. ఇప్పుడే బిడ్డ కావాలనుకునే మీకు, బీఎంఐ 31 దగ్గర, ఇది మొదటి మెట్టు అని నేననుకోను. బీఎంఐ 40 దాటి, షుగర్ కూడా ఉన్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు సర్జరీ గురించి కూడా ఆలోచించవచ్చు, అయితే దాని తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం వాయిదా వేయాలి.

మూడు నెలలకి అండం రాకపోతే డాక్టర్లు సాధారణంగా ముందు రాసేది లెట్రోజోల్ అనే అండం విడుదల మాత్ర. ఇంటర్నెట్‌లో "ఇది రొమ్ము క్యాన్సర్ మందు, నిషేధించారు" అని చదివి భయపడేవాళ్ళు ఉన్నారు. నిజమే, 2011లో మన ప్రభుత్వం సంతానం కోసం దాన్ని వాడటాన్ని నిషేధించింది, 2017లో ఆ నిషేధం తీసేసింది. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద జరిగిన పరీక్షలో లెట్రోజోల్ తీసుకున్నవాళ్ళలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫీన్ తీసుకున్నవాళ్ళలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. బరువు ఎక్కువున్నవాళ్ళలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. మీ బరువు ఉండగానే పనిచేసే మందు ఉందని చెప్పడానికే ఇది రాశాను.

అయితే బరువు తగ్గడం గర్భం రావడానికే కాదు, వచ్చిన గర్భం నిలవడానికి కూడా మంచిది. బరువు ఎక్కువుంటే అబార్షన్, బీపీ, గర్భంలో షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మన చెన్నై డాక్టరు వి. శేషయ్య గారు జీవితమంతా గర్భిణుల షుగర్ మీదే పనిచేశారు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని ఆ జబ్బు మీద అవగాహన దినంగా జరుపుతున్నారు. పరగడుపు అవసరం లేకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి ఒకే ఒక్కసారి రక్తం ఇచ్చే పరీక్ష ఆయన బృందం ప్రచారంలోకి తెచ్చిందే. 140 వచ్చినా, దాటినా షుగర్ కింద లెక్క. గర్భం నిలిచిన మొదటి విజిట్‌లోనే మీరు ఆ పరీక్ష అడగండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టాలి. మామూలుగా 400 మైక్రోగ్రాములు చాలు, బీఎంఐ 30 దాటినవాళ్ళకి 5 మిల్లీగ్రాములు ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు. మీకు ఏదో మీ డాక్టరుని అడిగి తెలుసుకోండి.

మీ అత్తగారి మాట కూడా రాశారు, "లావు తగ్గితే ఎప్పుడో పుట్టేవాళ్ళు" అని. మీకంటే బరువున్నవాళ్ళు మొదటి నెలలోనే గర్భం దాల్చడం నేను ఎన్నోసార్లు చూశాను. బరువు ఒక కారణం, అదొక్కటే కారణం కాదు, అందులో మీ తప్పేమీ లేదు. ఆ మాట మీరు చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుంది. మీ వారిని చెప్పమనండి, ఆయన రిపోర్టు చేతికి వచ్చిన రోజు చెబితే ఇంకా మంచిది.

ఇక మీ చెల్లెలు. మీ ఇద్దరిలో నాకు ఎక్కువ బెంగ ఆ అమ్మాయి గురించే. ఆమె బీఎంఐ 16.4. 18.5 కంటే తక్కువుంటే తక్కువ బరువు, 17 కంటే కిందికి వెళ్ళిందంటే శరీరం ఇల్లు గడవక కష్టపడుతోందన్నమాట. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ని వదులుతాయి, 1994లో కనిపెట్టారు దాన్ని. నిల్వ ఉంది, పర్వాలేదు అని మెదడుకి చెప్పే కబురు అది. కొవ్వు మరీ తగ్గితే ఆ కబురు అందక, మెదడు అండాశయాలకి పంపే హార్మోన్లని ఆపేస్తుంది. మోయలేని కాలంలో గర్భం వద్దని శరీరం చేసుకున్న ఏర్పాటు. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధాని అంతటా జనం మలమల మాడిపోయినప్పుడు పుట్టుకలు కూడా బాగా పడిపోయాయి. ఆ కరువు మన నెల్లూరు, రాయలసీమ ఊళ్ళని కూడా వదల్లేదు. కడుపులు మాడినప్పుడు నెలసరులూ ఆగుతాయి. అంటే మీ ఇద్దరిదీ వేరు వేరు దారి, వచ్చి ఆగింది మాత్రం అండం విడుదల దగ్గరే.

ఆమెకి అండం మందులు ముందు ఇవ్వకూడదు, ముందు బరువు పెరగాలి. ఆ బరువుతో గర్భం వస్తే బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి: థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందా, టీబీ ఉందా, పేగులకి ఆహారం పట్టడం లేదా, లేక అత్తారింట్లో సరిగ్గా తినడం లేదా, మీలా లావవుతానేమోనని భయపడి తినడం మానేసిందా. చివరి ప్రశ్న ఫోన్‌లో అడిగితే చెప్పదు, పక్కన కూర్చుని అడగాలి. కోపంగా కాదు. టీబీ మాట విని ఉలిక్కిపడకండి, మన దేశంలో గర్భసంచికి, ట్యూబులకి టీబీ సోకి పిల్లలు కలగకపోవడం కొత్త సంగతి కాదు, అందుకే డాక్టర్లు అడుగుతారు.

ఇవన్నీ తర్వాత. పెళ్ళైన అమ్మాయికి నాలుగు నెలలు నెలసరి రాకపోతే అందరికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, సన్నగా ఉందనే ధ్యాసలో పడి అందరూ దాన్నే మర్చిపోతారు. ఈ సాయంత్రం ఫోన్ చేసి, రేపు పొద్దున లేవగానే యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోమనండి. రెండు గీతలు వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి. ఒక్క గీతే వస్తే ఈ శనివారం రైలెక్కి మీరే నెల్లూరు వెళ్ళి, చెన్నైకి తీసుకొచ్చి, మీ అపాయింట్‌మెంట్ రోజునే తనకీ ఒకటి తీసుకోండి.